పెరటిలోని అడవి

భాద్రపదశుద్ధ చవితినాడు తెలుగు ముంగిళ్ళలో వినాయకునికి సమర్పింపబడు ఏకవింశతి పత్రముల పట్టికను భక్తుని కన్నుతోగాక వృక్షశాస్త్రజ్ఞుని కన్నుతో చూచినచో, పసివారిచేత తమ యూరి పొలిమేరను చదివింపదలచి పూర్వులు కూర్చిన పాఠ్యప్రణాళికయేమో అది అని తోచును. ఉత్తరేణికై పొలముగట్టునకు, జిల్లేడుకై బీడునేలకు, వావిలికై వాగు ఒడ్డునకు, తెల్లమద్దికై ఏటిగట్టునకు, వాకుడుకై ముండ్లకు జంకక బాటప్రక్కకు పోవలసినదే. పోయినవాడు ఆ మొక్క ఎట్టి నేలలో, ఎంత యెండలో, ఏయే మొక్కల సరసన పెరుగునో కూడ తెలిసికొని తిరిగివచ్చును. నగరములందు ఆ నడక అంగడిలో దొరకు ఆకుల కట్టగా మారినది. ఆ కట్టలో ఏ యాకు ఏదియో అమ్మువారికిని తెలియదు, కొనువారికిని తెలియదు. ఉమ్మెత్తకు బదులు మరేదియో చోటుచేసికొన్నను ఆక్షేపించువారు లేరు. అట్లని ఆ పట్టికలో ఉన్నవెల్ల మన నేలలో పుట్టినవే యనుటకును వీలులేదు: దేవదారు హిమాలయప్రాంతపు వృక్షము, దాడిమి పారశీకభూములనుండి ప్రాచీనకాలముననే వచ్చినది. స్థానిక వృక్షజాతులను తెలిసికొని ఇంటితోటలలో పెంపవలెనను ఆసక్తి కొన్నియేండ్లుగా తెలుగునాట బలపడుచున్నది గనుక, ఈ విషయమై ఇంతవరకు తెలిసినదేమి, అతిశయోక్తి యేమి, ఆచరణయందలి చిక్కులేమి అని ఒకసారి నెమ్మదిగా పరిశీలించుట అవసరము.

మొదటి చిక్కు స్థానికమనగా నేమి యనునదే. దీనికి దేశభక్తితో సమాధానము చెప్పబూనినవారు తఱచు దారి తప్పుదురు. చింతపండు లేని తెలుగు వంటయిల్లు ఊహకందదు గదా, ఆ చింత ఆఫ్రికా సంతతి. జామ, సీతాఫలము, జీడిమామిడి, మిరప అమెరికానుండి ఓడలెక్కి వచ్చినవి. బతుకమ్మను పేర్చునప్పుడు తంగేడు, గునుగులకు తోడుగా వరుసలో నిలుచు బంతిపూవు మెక్సికోదేశపుది; తాంబాళమున అడుగున పరచు గుమ్మడియాకును అమెరికా జాతిదే. గోలకొండ నయాఖిల్లాలో ‘హతియాన్ కా ఝాడ్’ అని పేరొందిన మహాకాయవృక్షము ఆఫ్రికా బావొబాబ్. వీనినెల్ల పరదేశులని పెరికివేయవలెననుట అవివేకము. శతాబ్దములుగా మనతో కలిసి బ్రతికిన ఈ చెట్లలో పెక్కు పొలిమేర దాటి అడవిని ఆక్రమింపలేదు, ఎవరికిని కీడు చేయలేదు. మరియొకవైపు కనకాంబరమువంటి మొక్క, పూలంగడిలో నిత్యము కనబడుటచేత ఎక్కడిదో అని ఎవరును అడుగనిది, అచ్చముగా మన దక్షిణాపథపుదే.

కావున మానవుడు తెచ్చి నాటకయే ఒకానొక నేలలో, అక్కడి వానకును ఎండకును అలవడి, అక్కడి పురుగులతోను పక్షులతోను యుగయుగములుగా పొత్తు కుదుర్చుకొన్న మొక్కయే స్థానికమని నిర్వచించుకొనుట మేలు. ఈ నిర్వచనమును ఒప్పుకొన్నవెంటనే మరియొక పర్యవసానమును ఒప్పుకొనక తప్పదు: భారతీయము, ఆంధ్రము, తెలంగాణము అను విశేషణములు తోటమాలికి చాలవు. అవి పరిపాలనకు గీసిన గీతలు. వేళ్ళకు వానితో పనిలేదు. శేషాచల, వెలిగొండ, నల్లమల పర్వతపంక్తులలోని రాతినేలలో మాత్రమే సహజముగా పెరుగు రక్తచందనము కోనసీమ ఒండ్రునేలలో ఎంత భారతీయమైనను అతిథియే. తిరుమల కొండలను నివాసముగా గల పెరిత, తంబజాలారి, తెల్లకరక, మొగి మొదలగు అరుదైన జాతులకు ఆ కొండవాలుల రాతియు, ఆ నీటి యెద్దడియు పరిచితములు. కోనసీమకు తగినవి పొన్న, మొగలి. కోరంగి ఉప్పునీటి కయ్యలకు మడచెట్లు. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన చూచు అనంతపురమునకు బండారు, కలివె, రేగు, తంగేడు. ‘మన రాష్ట్రపు మొక్కలు’ అని అచ్చువేసి పంచు పట్టికలన్నిటియందును నాకు కనబడు లోపము ఇదియే: అవి కొండను మైదానముతో, ఇసుకను రేగడితో కలిపివేయును.

ఈ భేదములను గుర్తించు శాస్త్రజ్ఞానము మనకు కొఱవడినదా యనిన, లేదు. కోరమాండల్ తీరపు మొక్కలను తొలుత శ్రద్ధతో వర్ణించిన విలియం రాక్స్‌బర్గు పద్దెనిమిదవ శతాబ్ది చివర గోదావరీప్రాంతపు సామర్లకోటలో కుంఫిణీవారి వైద్యుడుగా నుండి, అక్కడనే తోట పెంచి, దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. 1793లో ఆయన కలకత్తా ఉద్యానమునకు తరలిపోయినను, 1795 మొదలు లండనులో వెలువడిన ఆయన కోరమాండల్ వృక్షగ్రంథమునందలి 300 చిత్రఫలకములలో పెక్కింటికి తెలుగునేలయే పుట్టిల్లు. మొక్క దొరకినచోటి ప్రజలు దాని నేమందురో అడిగి వ్రాసికొనుట ఆయనకు అలవాటు. సండ్ర అను మన మాట ఆయన పెట్టిన లాటిను నామములో నేటికిని నిలిచియున్నది. ఉత్తరసర్కారులలో అధికారము నెఱపిన వాల్టరు ఎలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అను పేర తెలుగుజిల్లాల మొక్కల దేశీయనామములను శాస్త్రీయనామములతో జతపరచి ప్రకటించెను. గాంబుల్ ఆరంభించి, ఆయన మరణానంతరము ఫిషర్ ముగించిన మద్రాసు రాజధాని వృక్షసంపద 1915 – 1936 నడుమ వెలువడినది. ఆధునికకాలమున ఆచార్య పుల్లయ్య ప్రభృతులు 1997 మొదలుగా ఆంధ్రప్రదేశ వృక్షజాతులను సంపుటములుగా కూర్చిరి. ఇంత వాఙ్మయముండగా తోటమాలి దిక్కుతోచక నిలుచుటకు కారణము, ఈ గ్రంథములు ఎండబెట్టిన కొమ్మను చేతబట్టి అది ఏ మొక్కయో తేల్చుటకు వ్రాయబడినవిగాని, ఆ మొక్క గింజను ఎప్పుడు ఏరవలెనో, ఎట్లు మొలకెత్తింపవలెనో చెప్పుటకు వ్రాయబడినవి కావు.

ఆ రెండవ విద్య వేరొకచోట, అక్షరములకెక్కక, నిలిచియున్నది. నల్లమల చెంచులు, తీరప్రాంతపు యానాదులు, మూలికలమ్మువారు, మేకలకాపరులు, మోదుగాకులతో విస్తళ్ళు కుట్టువారు, తునికాకు కోయువారు ఏ చెట్టు ఏ నెలలో చిగిర్చునో, ఏ కాయ పక్వమైన ఎన్నిదినములకు రాలునో చేతులతో నేర్చినవారు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడుకఱ్ఱ, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి తప్ప వేరొండు కుదురదని ఆ శిల్పులకు తెలిసినంతగా అడవిశాఖవారికిని తెలియదన్నచో అపచారము కాదనుకొందును. ఆ చెట్లు దగ్గరి కొండలపై తఱిగిపోవుచుండగా చేతిపని యెట్లు సాగునను ప్రశ్న వచ్చినప్పుడు, గ్రామపు బంజరులో పొణికిని అంకుడును నాటుకొనుటయే సమాధానమగుచున్నది. తోటపని ఇచ్చట వినోదము కాదు, వృత్తికి ఆధారము.

స్థానికజాతులను నాటవలెననుటకు చెప్పబడు కారణములలో అన్నిటికంటె దృఢమైనది పురుగులకు సంబంధించినది. మేడిపండు పొట్టలోని పురుగులను మనము నీతిబోధకే వాడుకొని, అవి అక్కడ ఏమి చేయుచున్నవో చూచుట మఱచితిమి. మేడి, రావి, జువ్వి, మఱ్ఱి మొదలగువానికి బయట పూవు కనబడదు. పండని మనమనుకొను బుడిపె లోపలిగోడ నిండ వందలకొలది సూక్ష్మపుష్పములుండును. గండుచీమకంటె చాల చిన్నదియగు ఒక కందిరీగజాతి ఆడుపురుగు, బుడిపె కొసనున్న ఇఱుకుద్వారమున దూరునప్పుడు రెక్కలు ఊడిపోగా, లోపల కొన్ని పూలకు పుప్పొడి పూసి, కొన్నిటిలో గ్రుడ్లు పెట్టి అక్కడనే మరణించును. ఆ సంతతిలో మగవానికి రెక్కలే యుండవు; అవి ఆడువానితో జతకట్టి, వెలుపలికి సొరంగము తొలిచి, తమ జీవితము ముగించుకొనగా, ఆడుపురుగులు పుప్పొడి మోసికొని మరియొక చెట్టు వెదకికొని ఎగిరిపోవును. మేడికి మేడి పురుగే, రావికి రావి పురుగే. కుండీలో ముచ్చటకు పెంచు పరదేశపు మఱ్ఱిజాతికి దాని పురుగు వెంటరాని యెడల, అది కాయవలె కనబడుదానిని కాచినను ఆ కాయలో మొలకెత్తు విత్తు ఉండదు.

ఇంతకంటె సులభముగా చూడదగినది కరివేపచెట్టు. చినుకులు పడిన తరువాత లేతయాకుపై పిట్టరెట్టవలె నలుపు తెలుపు కలిసిన చిన్న పురుగు అంటుకొనియుండును. శత్రువు దానిని చూచియు తినదగినది కాదని విడిచిపోవుటకే ఆ వేషము. నాలుగైదుసార్లు కుబుసము విడిచి అది పచ్చని లావుపాటి గొంగళియగును. వ్రేలితో తాకినచో తలవెనుకనుండి ఎఱ్ఱని మెత్తని కొమ్ములజంట బయటికి సాచి ఘాటైన వాసన వదలును. ఇంటివారు చీదరించుకొని దులిపివేయు ఆ పురుగే కొన్నాళ్ళకు నిమ్మ సీతాకోకచిలుకగా ఎగురును. నిమ్మ, మారేడు, కరివేప కుటుంబమే దానికి ముఖ్యమైన అన్నము. జిల్లేడునకు వేరొక చిలుక, ఈశ్వరితీగకు మరియొకటి, రేల చిగుళ్ళకు పచ్చని చిలుకలు, ఇట్లు ఆకునకును పురుగునకును చిరకాలపు ఒడంబడికలున్నవి. కాగితపుపూలతీగ బ్రెజిలునుండి వచ్చి గోడలెల్ల గులాబిరంగున నింపుచున్నది, అందముగానే యున్నది. కాని దాని యాకును తినుటకు ఇక్కడి పురుగులలో మిక్కిలి కొలదియే సిద్ధపడును. పురుగు లేనిచోట దానితో పిల్లలను పెంచుకొను పిచ్చుక యేమి చేయును?

ఇక పరదేశపు మొక్కలన్నియు ఒక తీరువి కావని ముందే అంటిని గదా. కొన్ని వచ్చి ఊరుకొన్నవి. కొన్ని ఊరినే కబళించినవి. తలంబ్రాలమొక్క అడవుల అడుగున దట్టముగా అల్లుకొని మొలకలను ఎదుగనీయదు. గుఱ్ఱపుడెక్క చెఱువులను మూసివేసినది. వయ్యారిభామ పేరునకు తగిన కులుకు చూపి పొలములెక్కినది. అన్నిటిలోను తెలుగువారికి మిక్కిలి పరిచితమైనది సర్కారుతుమ్మ. 1877లో కడపమండలములోని కమలాపురమున, విదేశమునుండి తెప్పించిన విత్తనములతో, వంటచెఱకు కొఱతకు మందుగా నాటబడిన ఈ చెట్టు వంద యేండ్లలో చెఱువుగట్లను, బంజరులను, రహదారులను ఆక్రమించినది. దాని కీడును వర్ణించువారు దాని మేలును విస్మరించుట న్యాయము కాదు: కరువుసీమలలో పేదయింటి పొయ్యి అనేక సంవత్సరములు దీని బొగ్గుతోను కట్టెతోను మండినది. అయినను దానికి చుట్టమైన జమ్మితో పోల్చినప్పుడు భేదము స్పష్టమగును. జమ్మి క్రింద జొన్న పండును, రైతు గట్టుననే దానిని ఉంచుకొనును. సర్కారుతుమ్మ క్రింద గడ్డి సైతము సరిగా మొలవదు. దసరానాడు పూజించు ఆ జమ్మిని తెలంగాణము రాష్ట్రవృక్షముగా స్వీకరించినది. పూజకొఱకు వెదకబోగా నగరపు పేటలలో చెట్టు కంటబడుట దుర్లభము.

ఇచ్చట ఒక చిన్న ప్రస్తావన చేయవలసియున్నది. టెక్సాసులో స్థిరపడిన తెలుగువారు పెరటిలో కరివేపను చలినుండి దుప్పట్లు కప్పి కాపాడుకొందురు. అది కూరకొఱకు, అందులో తప్పేమియు లేదు. కాని ఆ నేలకు స్థానికమైన మెస్కీటు వృక్షము మన సర్కారుతుమ్మకు దగ్గరి చుట్టము. కడపలో కంపగా నఱకబడు కుటుంబమునకు అక్కడ తేనెటీగలును పక్షులును అతిథులు. అక్కడి తెలుగువాడు స్థానికవృక్షమును నాటదలచినచో నాటవలసినది దానినే. కాలిఫోర్నియాలో 1965లోనే స్థానికవృక్షసంఘము వెలసినది; ఆ దేశమున ఈ ఉద్యమమునకు లభించినట్టి దీర్ఘచరిత్రయు, కొండకొండకు వేరువేరు విత్తనశాలలును మనకింకను కుదురలేదు.

ఉద్యమమునందలి ఉత్సాహము కొన్ని అతిశయోక్తులను కూడ ప్రచారము చేసినది. స్థానికమైన మొక్కకు నీరే అక్కరలేదందురు. నిజమేమనగా, నాటిన మొదటి రెండు వేసవులు దానికిని నీరు పోయక తప్పదు. అడవిలో మొలచిన గింజ తల్లివేరును ముందు దింపుకొని తరువాత ఆకు వేయును, నర్సరీ సంచిలో చుట్టుకొనిన వేరుతో వచ్చిన మొక్కకు ఆ భాగ్యము లేదు. తుపానులో విదేశవృక్షములే కూలునని, మనవి నిలుచునని మరియొక వాదము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినప్పుడు బాటల వెంబడి పెంచిన తురాయిచెట్లు పడిపోవుట చూచి ఈ మాట బలపడినది. తురాయిది పైపైని పరచుకొను వేరే. కాని సిమెంటుబాటకును మురుగుకాలువకును నడుమ రెండడుగుల మట్టిలో నిలిపిన వేపయైనను అంతటి గాలికి ఏమి నిలుచును? చెట్టు పుట్టుపూర్వోత్తరములతోపాటు దానికి మనమిచ్చిన చోటును కూడ విచారింపవలెను. ప్రతి మొక్కకును ఏదో రోగమును నయముచేయు శక్తిని అంటగట్టి అమ్ముటయు ఈ కోవలోనిదే. నాభి, ఈశ్వరి మొదలగునవి ప్రాణాపాయకరములని చెప్పక అమ్ముట అంతకంటె తప్పు.

ప్రభుత్వములు చేపట్టిన మహావృక్షారోపణములను గూర్చి మిశ్రమాభిప్రాయమే చెప్పగలను. 2015లో తెలంగాణమునందు ఆరంభమైన హరితహారము గ్రామగ్రామమున నర్సరీని నెలకొల్పినది. అది చిన్న విషయము కాదు. కాని తొలినాళ్ళలో త్వరగా పచ్చబడునను ఆశతో కోనోకార్పస్‌వంటి మొక్కలను బారులు తీర్చుట, పిమ్మట దాని పుప్పొడిని, వేళ్ళను గూర్చి ఫిర్యాదులు రాగా మానుకొనుట జరిగినది. గుజరాతు ప్రభుత్వము దానిని 2023లో నిషేధించినది. జపానుదేశపు మియావాకీ పండితుని పద్ధతిని అనుసరించి చదరపుమీటరునకు మూడేసి మొక్కలు క్రిక్కిఱియ నాటు అడవులు నగరమునందు నీడనిచ్చుననుట నిజము. అయితే దక్కను పీఠభూమిలో చాలచోట్ల సహజముగా నుండునది దట్టమైన అడవి కాదు; ఎడమెడముగా చెట్లు, నడుమ గడ్డి, ముండ్లపొదలు. బట్టమేకపిట్టకై ప్రత్యేకించిన రోళ్ళపాడు గడ్డిమైదానమువంటిచోట చెట్లు నాటుట మేలుచేయుట కాదు, పక్షి యింటిని పడగొట్టుట. గడ్డియు స్థానికవృక్షజాతియేనని మన ప్రణాళికాకర్తలకు ఇంకను తోచవలసియున్నది.

ఆచరణకు వచ్చునప్పటికి కథ అంతయు విత్తనముతో మొదలగును. జ్యేష్ఠాషాఢములలో రాలిన వేపగింజను రెండు మూడు వారములలో మట్టికి అప్పగింపనిచో మొలకెత్తు శక్తి పోవును, ఇప్పగింజయు అంతే. రేలగింజది అందుకు విరుద్ధస్వభావము: మూరెడు పొడవు కాయలో బిళ్ళబిళ్ళకు నడుమ భద్రముగా నుండు ఆ గింజ పైపెచ్చు రాయివలె నుండుటచే, బండపై అరగదీసియో వేడినీట రాత్రంతయు నానబెట్టియో గాని నాటరాదు. మోదుగకాయ పలుచని రేకు, కొసను ఒక్కటే గింజ. దానిని తొలకరిలో ఉండవలసిన చోటనే నేరుగా విత్తుట మంచిది. నేరేడుగింజ ఒక్కటి నాటినచో రెండు మూడు మొలకలు రావచ్చును. శ్రీగంధము పరాన్నజీవి, దాని వేళ్ళు ప్రక్కమొక్క వేళ్ళను పట్టుకొని బలము తీసికొనును గనుక, తెలిసినవారు సంచిలోనే కందిమొక్కను తోడు పెట్టుదురు. తోడులేక పాలిపోయిన శ్రీగంధపుమొక్కలను చూచి ఎరువు చాలలేదని ఎరువు కుమ్మరించువారిని చూచియున్నాను.

చోటు కొఱతయని చెప్పి తప్పించుకొనుటకును వీలులేదు. నల్లేరు ముక్కను కుండీలో గ్రుచ్చి మఱచిపోయినను బ్రతుకును. కంచెకు గచ్చపొదయు వాకయు చాలును. వాకకాయ పప్పులోనికి అదనపు లాభము. తంగేడు గింజను ఆషాఢమున విత్తినచో ఏడాది రెండేండ్లలో పసుపుపూలు చూపును, మేక తినదు. నాభి దుంపను చిన్నపిల్లలులేని యింట పెట్టుకొన్నచో, తొలకరికి మొలచి, ఆకుకొసనే కొక్కెమువలె వంచి ఆధారమును చుట్టుకొని పైకెగబ్రాకి, పసుపునుండి ఎఱుపునకు మాఱు రేకలను వెనుకకు మడిచి, చలికాలమున పూర్తిగా అదృశ్యమగును. ఎండినదని దుంపను త్రవ్వి పారవేయరాదు.

మిగిలినది సరఫరా. గోదావరీతీరమున కడియము, కడియపులంక ప్రాంతపు నర్సరీలవారికి అంటు కట్టుటయందును, మొక్కను దూరదేశమునకు చెక్కుచెదరక పంపుటయందును గల నేర్పు అపారము. వారి మళ్ళలో కనబడునది పెక్కుపాళ్ళు విదేశపుటలంకారపు మొక్కయేయనిన, అది కొనువారి కోరిక మాత్రమే. ఊడుగ కావలెనని, గొట్టి కావలెనని, బిల్లుడు కావలెనని అడుగువారు పదిమంది వచ్చినచో కొన్ని నెలలకే అవియు సంచులలో నిలుచును. అడుగునప్పుడు మరియొక ప్రశ్నయు అడుగవలెను: గింజ ఏ కొండనుండి తెచ్చినారు? అడవినుండి పెరికి తెచ్చిన మొక్కయైనచో కొనరాదు. తిరుమల కొండలలో మాత్రమే యుండు పెరిత అంతర్జాతీయ వాణిజ్య నిషేధపట్టికలో మొదటి అనుబంధమున చేర్పబడినది. ఆ కొండలను 2010లో శేషాచల జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించిరి. అయినను మందులకై దాని మగకంకులను కోసికొనిపోవుచునే యున్నారు. దానిలో మగచెట్టు వేరు, ఆడుచెట్టు వేరు గనుక, దొంగతనముగా తెచ్చి ముంగిట ఒంటరిగా నిలిపిన పెరిత ఎంతకాలము బ్రతికినను ఒక్క విత్తనమైనను ఇవ్వజాలదు.